జాజ్‌లో ఆఫ్రికా ఎక్కడుంది? మా నాన్న అడిగిన ప్రశ్నకి ఎవరైనా చెప్పండి

ఎడిసన్_కోనసీమ:

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటా. మా నాన్నగారు అమలాపురం దగ్గర మా ఊరి నుంచి వచ్చారు, ఇంకో రెండు నెలలు ఇక్కడే ఉంటారు. నలభై ఏళ్ళుగా మా రామాలయంలో భజనలకి మృదంగం వాయిస్తున్నారు, కచేరీలు చేసిన మనిషి కాదు గానీ తాళం దగ్గర మాత్రం అస్సలు రాజీ పడరు, టీవీలో పాట వస్తుంటే సోఫా చెయ్యి మీద వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. ఇక్కడికి వచ్చాక గుడి, మాల్, మళ్ళీ ఇల్లు, అంతే. ఆయన్ని అలా చూస్తుంటే నాకు బాధగా ఉంది.

మ్యాన్‌హటన్‌లో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ వాళ్ళు ఈ 2025-26 సీజన్‌ని జాజ్‌కి మూలమైన ఆఫ్రికా చుట్టూ కట్టారని తెలిసి రెండు టికెట్లు తీసేశా. నాకు జాజ్ అంటే కాఫీ షాపులో వెనకాల వినపడేదే తప్ప ఏమీ తెలీదు. నిన్న నాన్నకి ఈ సంగతి చెప్పి ఒక వీడియో పెట్టా, పావుగంట శ్రద్ధగా చూసి ఒకటే అడిగారు: "ఒరేయ్, బాకా దొరలది, పియానో దొరలది, ఆ సాక్సోఫోనూ దొరలదే, కోటూ బూటూ కూడా దొరలవే, మరి ఇందులో ఆఫ్రికా ఎక్కడుందిరా?" నా దగ్గర సమాధానం లేదు. చర్మం రంగు గురించి కాదు ఆయన అడిగింది, పాటలో ఎక్కడుందని అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి, వెళ్ళే లోపు ఆయనకి ఏం వినిపించాలో కూడా చెప్పండి. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో కూడా నాకు తెలీదు.

తకిట_తక:

మీ నాన్నగారి ప్రశ్న చాలా గొప్ప ప్రశ్న అండీ, దీని మీద జాజ్ లోకంలో వందేళ్ళుగా వాదనలు నడుస్తున్నాయి. నేను పదేళ్ళు మృదంగం నేర్చుకుని ఇక్కడికొచ్చాక డ్రమ్స్ మొదలుపెట్టా కాబట్టి ఆయన భాషలోనే చెప్పడానికి ప్రయత్నిస్తా.

ముందు ఆయన్ని ఇది చేతితో వెయ్యమనండి: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. ప్రతి ముక్కలో మొదటి అక్షరానికే చప్పట్లు, కాలు మాత్రం సమానంగా నాలుగు వెయ్యాలి. క్యూబా వాళ్ళు దీన్ని ట్రెసియో అంటారు, పశ్చిమ ఆఫ్రికాలో, క్యూబాలో, హైతీలో, న్యూ ఆర్లీన్స్‌లో ఎక్కడ చూసినా ఇది ఉంటుంది. న్యూ ఆర్లీన్స్ పియానో ఆయన జెల్లీ రోల్ మార్టన్ 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్‌తో కూర్చుని వాయించి చూపిస్తూ, పాటలో స్పానిష్ వాసన లేకపోతే జాజ్‌కి రుచి రాదని చెప్పాడు, ఆయన ఎడమ చేతిలో వాయించి చూపించింది ఈ లెక్క మీద నడిచేదే. స్పానిష్ అని పేరే గానీ క్యూబాకి అది వచ్చింది ఆఫ్రికా వాళ్ళతోనే.

రెండోది ఇంకా బాగుంటుంది. ఘానా, టోగో ప్రాంతంలో ఎవే జాతివాళ్ళు ఒక ఇనప గంట వాయిస్తారు, గన్‌కోగుయి అంటారు. పన్నెండు మాత్రల్లో ఏడు దెబ్బలు, వాటి మధ్య దూరాలు 2 2 1 2 2 2 1. ఇప్పుడు హార్మోనియం మీద శంకరాభరణం వెయ్యండి, స నుంచి రి రెండు మెట్లు, రి నుంచి గ రెండు, గ నుంచి మ ఒకటి, అలా పై షడ్జమం దాకా లెక్కపెట్టండి. అవే అంకెలు! ఒకదాని నుంచి ఇంకోటి వచ్చిందని నేననను, మనం స్వరంలో పెట్టిన లెక్క వాళ్ళు కాలంలో పెట్టారంతే, కానీ ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ గంట ఆగకుండా మోగుతుంటే ఒక డ్రమ్ముకి అది మూడులో నడుస్తున్నట్టుంటుంది, ఇంకో డ్రమ్ముకి నాలుగులో. ఏదీ తప్పు కాదు, రెండూ ఒకేసారి నిజం. జాజ్ డ్రమ్మర్ కుడిచెయ్యి సింబల్ మీద ఒకటి చెప్తుంటే ఎడంచెయ్యి వేరే మాట చెప్తూ కాలు ఇంకేదో అంటూ ఉంటుంది చూడండి, నాకు ఆఫ్రికా వినపడేది అక్కడ. అసలు డ్రమ్ సెట్ అనేదే అమెరికాలో పుట్టింది, బ్యాండులో ముగ్గురు వాయించే డ్రమ్ములన్నీ ఒక్క మనిషి ముందు పెట్టారు, 1909లో పెద్ద డ్రమ్ముని కాలితో కొట్టే లడ్విగ్ వాళ్ళ పెడల్ వచ్చాక కాలికి కూడా గట్టి పని దొరికింది. అంటే వాయిద్యాలు సైనిక బ్యాండువి, వాటిని కలిపి వాయించే బుద్ధి మాత్రం డ్రమ్ము గుంపుది.

స్వింగ్ అనే జాజ్ ఊపు మీ నాన్నగారికి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. తిశ్ర నడకలో త కి ట అనుకుని మధ్యలో కి మింగేసి త..ట త..ట అని వెయ్యమనండి. దగ్గరగా అదే, కానీ అచ్చంగా అలా లెక్కకి వేస్తే స్వింగ్ రాదు, వేగాన్ని బట్టి ఆ ట జరుగుతూ ఉంటుంది. మన భజన తాళాల్లో కూడా కాగితం మీద రాయలేని ఆ ఊపు ఉంటుంది కదా.

ఇక స్వరం. బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ళ పాటలు పాడేవాళ్ళ గాంధారం సాధారణ గాంధారం కాదు, అంతర గాంధారం కాదు, మధ్యలో ఎక్కడో వంగుతూ ఉంటుంది. పియానోకి ఆ మెట్టు లేదు, అందుకని పియానో వాళ్ళు రెండు మెట్లూ కలిపి నొక్కుతారు, తప్పు పడిందేమో అనిపిస్తుంది, తప్పు కాదు, లేని స్వరం కోసం వెతుక్కోవడం అది. నాకు జాజ్ మీద ప్రేమ పుట్టింది సరిగ్గా అక్కడే.

ఇంకో మాట, బాకా శుభ్రంగా పలకాలని యూరప్ వాళ్ళు కోరుకుంటారు. డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులో బబ్బర్ మైలీ అనే ఆయన 1920ల్లో బాకా మూతికి సింకు బ్లాక్ అయితే వాడే రబ్బరు కప్పు అడ్డం పెట్టి గొంతులో గురగుర కలిపి వాయించేవాడు, మనిషి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో బాలఫోన్ బుర్రలకి పల్చటి పొర అంటించి, డ్రమ్ములకి రేకులు కట్టి కావాలని ఆ జీర తెప్పిస్తారు. మనం తంబురా తీగ కింద దారం పెట్టి జీవ తెప్పించమా? శుద్ధమైన నాదం చాలదు, దానికి ప్రాణం కావాలి అనే ఆలోచన అది.

ఆదివారం_రికార్డులు:

తకిట_తక గారు సంగీతం చెప్పారు, నేను ఊరు చెప్తా. నేను హ్యూస్టన్‌లో ఉంటా, న్యూ ఆర్లీన్స్‌కి కారులో ఐదారు గంటలు, ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళా, వెళ్ళిన ప్రతిసారీ ముందు కాంగో స్క్వేర్‌కే వెళ్తా. ఇప్పుడది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఒక మూల, ట్రెమే పేట పక్కన. పెద్ద పెద్ద చెట్లు, రాళ్ళు పరిచిన నేల, అంతే, చూడ్డానికి ఏమీ ఉండదు.

న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు 1724 చట్టం ప్రకారం బానిసలకి ఆదివారం పని లేదు. ఆ రోజు వాళ్ళు సంత పెట్టుకునేవాళ్ళు, కూరలు అమ్ముకునేవాళ్ళు, డ్రమ్ములు కొట్టి ఆడేవాళ్ళు. 1817లో ఊరి పాలకులు ఇలా గుమిగూడటం ఒక్క చోటే జరగాలి, ఆదివారమే జరగాలి, పొద్దు గుంకేలోపు అయిపోవాలి అని నిబంధన పెట్టారు. ఆ ఒక్క చోటు ఇదే. 1819లో అమెరికా పార్లమెంటు భవనం కట్టినవాళ్ళలో ఒకడైన బెంజమిన్ లాట్రోబ్ అటు వెళ్తూ, చెక్క నేల మీద గుర్రాలు తొక్కుతున్నాయేమో అనుకున్నాడట, దగ్గరికెళ్ళి చూస్తే ఐదారు వందల మంది వలయాలు వలయాలుగా ఆడుతున్నారు, డ్రమ్ములు, ఒక సొరకాయ బుర్రకి తీగలు బిగించిన వాయిద్యం. ఆయనకి ఆ పాట నచ్చలేదు, కానీ డైరీలో బొమ్మలు గీసి పెట్టాడు. నచ్చని మనిషి రాసిపెట్టిన కాగితాల వల్ల ఇవాళ మనకి ఆ వాయిద్యాల రూపం తెలుస్తోంది.

ఇంగ్లీషు వాళ్ళ రాష్ట్రాల్లో సంగతి వేరు. సౌత్ కరొలైనాలో 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడి డ్రమ్ములు కొట్టుకుంటూ నడిచారు, మరుసటి ఏడాది 1740లో చట్టం తెచ్చి డ్రమ్ములు, కొమ్ములు నిషేధించారు. డ్రమ్ము లాక్కుంటే ఏం చేస్తారు? ఒళ్ళే డ్రమ్ము. తొడ మీద, రొమ్ము మీద, అరచేతులతో, నేల మీద మడమలతో. చర్చిలో గుండ్రంగా తిరుగుతూ పాదాలు ఈడుస్తూ పాడేవాళ్ళు, దాన్ని రింగ్ షౌట్ అంటారు. అందుకే మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి, బాకా దొరలది అన్నారు కదా, నిజమే, వాళ్ళ సొంత వాయిద్యాలు చేతుల్లోంచి లాగేసుకున్నారు కాబట్టి దొరికినదాంతో వాయించారు.

న్యూ ఆర్లీన్స్‌లో ఇప్పటికీ ఎవరైనా పోతే బ్రాస్ బ్యాండు వెంట నడుస్తుంది. స్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా ప్రార్థన పాట, తిరిగొచ్చేటప్పుడు గంతులు వేయించే పాట, బ్యాండు వెనక రుమాళ్ళు ఊపుకుంటూ వచ్చే జనాన్ని సెకండ్ లైన్ అంటారు. మా తాతయ్య తొంభై దాటి పోయినప్పుడు మా ఊళ్ళో డప్పులవాళ్ళు దారంతా కొట్టారు, మావాళ్ళు ఆడారు. మొదటిసారి సెకండ్ లైన్ చూసినప్పుడు అది గుర్తొచ్చి రోడ్డు పక్కన నిలబడిపోయా.

బర్కాస్_పోరడు:

అన్నా మస్తు మంచి ముచ్చట పెట్టినవ్. నాకు జాజ్ గురించి పెద్దగ తెల్వదు గని ఆఫ్రికా డ్రమ్ము కోసం అమెరికా దాకా పోవుడెందుకు, మా హైదరాబాద్‌ల ఉన్నది. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అంటరు చూడు, ఏసీ అంటే ఎయిర్ కండిషన్ అనుకుంటరు శానమంది, కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పన్జేసిన ఆఫ్రికా సిపాయిలు, సిద్దీలు అంటం, వాళ్ళ మనవలు ముని మనవలు ఇప్పటికీ ఆడనే ఉంటున్నరు. వాళ్ళు, మా బర్కాస్ దిక్కున్న అరబ్బులు, వీళ్ళతోని వచ్చిందే మర్ఫా. డఫ్‌లు, ఢోళ్ళు, ఒకడు బిందె మీద కట్టెతోని కొడ్తడు, పెండ్లి బరాత్‌ల మొదలైతే ముసలోళ్ళు కూడ ఆగరు. ముస్లింల పెండ్లిల్లనే గాదు, మా బోనాలల్ల, గణేశ్ నిమజ్జనంల గూడ కొడ్తరు. మా అక్క పెండ్లిల కొట్టినోళ్ళే చెప్పిన్రు మా తాతలు ఆఫ్రికా నుంచి వచ్చిన్రని.

ఇంగొకటి, ఒకరు అంటే మిగతోళ్ళు అందుకునుడు ఉంటది గదా జాజ్‌ల, బాకా ఆయన ఒక ముక్క అంటడు, వెనకున్నోళ్ళందరు జవాబిస్తరు. మా అమ్మోళ్ళ బతుకమ్మ గదే గదా? ఒకామె పాట ఎత్తుకుంటది, సుట్టున్నోళ్ళంత ఉయ్యాలో అంటరు. వలయంల తిరుక్కుంట చప్పట్లు. పైన అన్న రింగ్ షౌట్ అన్నడు, సదువుతుంటె నాకు గదే కండ్ల ముందల కొచ్చింది. మీ నాయినకు భజన తెలుసు గదా, గురువు ఒక చరణం అంటె గుంపు అందుకుంటది, గట్లనే చెప్పు, ఇట్టే సమజైతది.

ఎడిసన్_కోనసీమ:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించా. డ్రమ్ములు నిషేధించారు అన్న చోట ఆపమన్నారు, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు: "ఆఫ్రికా నుంచి తెచ్చింది అమెరికాలో ఇలా అయింది సరే, మరి ఆఫ్రికాలో ఉండిపోయినవాళ్ళు ఇది విన్నారా? విని ఏమన్నారు?" ఇది ఎవరికైనా తెలుసా?

నీలి_గాంధారం:

విన్నారండీ, విని తమదే అన్నారు. ఈ థ్రెడ్‌లో నేను రాయాలనుకున్నది ఇదే, కొంచెం పెద్దదవుతుంది.

1956 మేలో న్యూ ఆర్లీన్స్ బాకా ఆయన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆక్రాలో దిగాడు, అప్పటికి ఘానాకి ఇంకా స్వతంత్రం రాలేదు, గోల్డ్ కోస్ట్ అనేవాళ్ళు, ఎంక్రుమా ప్రధానమంత్రి. విమానాశ్రయంలోనే హైలైఫ్ అనే అక్కడి డాన్సు పాటల బ్యాండుల వాళ్ళు బాకాలతో ఎదురొచ్చి వాయిస్తే ఈయన కూడా తన బాకా తీసి వాళ్ళతో కలిసి వాయించేశాడు. మైదానంలో వేలమంది. అక్కడ ఆడుతున్న ఆడవాళ్ళలో ఒకావిడ అచ్చం చనిపోయిన తన తల్లిలా ఉందని చూసి కదిలిపోయి, మావాళ్ళు ఇక్కడివాళ్ళే అని చెప్పుకున్నాడు. ఆయన తల్లి మేయాన్, న్యూ ఆర్లీన్స్‌లో కటిక పేదరికంలో పిల్లల్ని పెంచిన మనిషి. 54 ఏళ్ళ వయసులో ప్రపంచమంతా పేరున్న మనిషికి తల్లి పోలిక సముద్రం అవతల దొరికింది. ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు గొంతు పట్టేస్తుంది.

ర్యాండీ వెస్టన్ అని బ్రూక్లిన్ పియానో ఆయన, ఆరున్నర అడుగుల మనిషి. వాళ్ళ నాన్న చిన్నప్పటి నుంచీ నువ్వు అమెరికాలో పుట్టిన ఆఫ్రికావాడివిరా అని చెప్పి పెంచాడు. 1960లో ఒకటే ఏడాదిలో ఆఫ్రికాలో 17 దేశాలకి స్వతంత్రం వచ్చింది, ఆ ఏడాదే వెస్టన్ ఉహురు ఆఫ్రికా అని రికార్డు చేశాడు, ఉహురు అంటే స్వాహిలీలో స్వేచ్ఛ. మాటలు కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాశాడు, ఇంతమంది వాయిద్యాలని ఒక చోట కూర్చింది మెల్బా లిస్టన్ అనే ట్రాంబోన్ వాయించే ఆవిడ, ఆవిడ పేరు తక్కువమందికి తెలుసు, నాకు కోపం వస్తుంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ రికార్డుని నిషేధించింది. వెస్టన్ తర్వాత మొరాకో వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయి గ్నావా సంగీతకారులతో కలిసి వాయించాడు. గ్నావా వాళ్ళు కూడా సహారా దాటించి తెచ్చిన బానిసల సంతతే, వాళ్ళ మూడు తీగల గింబ్రీ విన్న వెంటనే ఇది జాజ్ బాస్ కదా అనిపిస్తుంది. 2018లో 92 ఏళ్ళకి పోయాడు, చివరిదాకా వాయిస్తూనే ఉన్నాడు.

మీ నాన్నగారికి ముందు వినిపించాల్సింది మాత్రం దక్షిణాఫ్రికా. అక్కడ కూడా అమెరికా రికార్డులు వచ్చాయి, నల్లవాళ్ళ పేటల్లో అప్పటికే మారబీ అని మూడు నాలుగు కార్డులు (కలిపి వాయించే స్వరాల గుంపులు) గుండ్రంగా తిరుగుతూ ఉండే సంగీతం ఉంది, రెండూ కలిసిపోయాయి. 1959లో అబ్దుల్లా ఇబ్రహీం, హ్యూ మసెకేలా, కిప్పీ మొకెట్సి, జోనస్ గ్వాంగ్వా కలిసి జాజ్ ఎపిసిల్స్ అని బ్యాండు పెట్టి 1960 జనవరిలో రికార్డు చేశారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్చి 69 మందిని చంపారు, ఆ తర్వాత నలుగురు కూడి పాడుకోవడమే కష్టమైంది, ఒక్కొక్కళ్ళూ దేశం విడిచిపోయారు. బ్లూ నోట్స్ అని ఇంకో బ్యాండు, ఐదుగురు నల్లవాళ్ళు, ఒక తెల్ల పియానిస్టు, ఒకే వేదిక మీద కలిసి వాయించడమే అక్కడ ఇబ్బంది, 1964లో ఫ్రాన్స్‌లో కచేరీకని వెళ్ళి వెనక్కి రాలేదు. ఆ తరంలో చాలామంది సొంత ఊరు మళ్ళీ చూడకుండానే పోయారు.

1974లో అబ్దుల్లా ఇబ్రహీం కేప్‌టౌన్‌కి వచ్చినప్పుడు మానెన్‌బర్గ్ రికార్డు చేశాడు. తెల్లవాళ్ళ కోసమని ఇళ్ళు కూల్చి తరిమిన జనాన్ని తీసుకెళ్ళి పడేసిన పేటల్లో ఒకదాని పేరు అది. మాటల్లేవు, పియానో మెల్లగా ఊగుతూ ఉంటుంది, బాసిల్ కుట్సియా సాక్సోఫోన్ వస్తుంది, దాదాపు పదమూడు నిమిషాలు. మాట లేని ఆ పాటే అపార్థైడ్ మీద, అంటే నల్లవాళ్ళని వేరుగా తొక్కిపెట్టిన అక్కడి ప్రభుత్వ పద్ధతి మీద పోరాటానికి పాట అయింది. అది రాత్రి భోజనాలయ్యాక లైట్లు తగ్గించి పెట్టండి, ఏమీ వివరించకండి.

ఇథియోపియా కూడా వదలకండి. ములాటు అస్టాట్కే బోస్టన్‌లో బర్క్‌లీలో చదివి వెళ్ళి తమ ఐదు స్వరాల మెట్లని జాజ్‌తో కలిపాడు. వాళ్ళ తిజిత అనే మెట్టులో మేజర్ రకం ఉంది, స్వరాలు చూస్తే మన మోహనమే. కానీ పలికే తీరు వేరు, నెమ్మదిగా దిగులుగా ఉంటుంది, తిజిత అంటేనే జ్ఞాపకం, బెంగ.

పాతకాగితం:

అందరూ బాగా రాశారు, కానీ ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నా, ఎవరూ ఏమీ అనుకోకండి. ఆఫ్రికా, ఆఫ్రికా అని ఒకటే మాట వాడితే రెండు తప్పులు జరుగుతాయి. ఆఫ్రికా ఒక ఊరు కాదు. లూసియానాకి మొదట్లో తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది సెనెగల్, గాంబియా నదుల ప్రాంతం వాళ్ళు, తర్వాత బెనిన్ తీరం, తర్వాత కాంగో. వాళ్ళ భాషలు వేరు, వాయిద్యాలు వేరు, ఒకరికి తీగలు ముఖ్యం, ఒకరికి డ్రమ్ములు. వీళ్ళు న్యూ ఆర్లీన్స్‌లో కలిశారు, సొంత ఊళ్ళలో అయితే ఎప్పటికీ కలిసేవాళ్ళు కాదు. దాని మీద హైతీ విప్లవం నుంచి పారిపోయి క్యూబాలో తలదాచుకున్నవాళ్ళు 1809, 10ల్లో తొమ్మిది వేలమందికి పైగా వచ్చి పడ్డారు, ఊరి జనాభా దాదాపు రెట్టింపు అయింది. ఫ్రెంచి ఒపేరా చూసి యూరప్ పద్ధతిలో క్లారినెట్ నేర్చుకున్న క్రియోల్, అంటే ఫ్రెంచి ఆఫ్రికా రక్తాలు కలిసిన కుటుంబాలు ఉన్నాయి. ఇవన్నీ కలిస్తే జాజ్.

రెండో తప్పు, ఆఫ్రికా డ్రమ్ములతో మొదలుపెట్టి గీత గీసినట్టు జాజ్ దాకా తీసుకురావడం. 1938 డిసెంబర్ 23న న్యూయార్క్ కార్నెగీ హాల్లో రికార్డుల నిర్మాత జాన్ హ్యామండ్ పెట్టిన ఫ్రమ్ స్పిరిచువల్స్ టు స్వింగ్ కచేరీ అలాంటిదే. ముందు పశ్చిమ ఆఫ్రికాలో తీసిన రికార్డింగులు వినిపించి, తర్వాత ప్రార్థన పాటలు, బ్లూస్, చివరికి కౌంట్ బేసీ జాజ్ బ్యాండు. గొప్ప కచేరీ, అంతకుముందు నల్లవాళ్ళ సంగీతానికి అంత గౌరవంగా అలాంటి వేదిక దొరకడం చాలా అరుదు, నేను కాదనను. బ్లూస్ పాడే రాబర్ట్ జాన్సన్‌ని పిలుద్దామనుకుంటే ఆగస్టులోనే చనిపోయాడని తెలిసి వేదిక మీద ఆయన రికార్డు పెట్టి జనానికి వినిపించారు, అది తలుచుకుంటేనే మనసు బరువెక్కుతుంది. కానీ ఆఫ్రికా అనేది అందులో మొదటి ఐదు నిమిషాలు, ఆ తర్వాత అయిపోయిన సంగతి. జాజ్ ముందుకొచ్చింది, ఆఫ్రికా వెనక ఉండిపోయింది అనే అర్థం వస్తుంది. అది నాకు ఒప్పుదల కాదు. బడ్డీ బోల్డెన్ లాంటి మనిషి, 1900 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్‌లో ఆయన బాకా గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు, ఒక్క రికార్డు కూడా మిగల్లేదు, 1907లో పిచ్చాసుపత్రిలో చేర్చారు, 1931లో అక్కడే పోయాడు. జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917లో తెల్లవాళ్ళ బ్యాండుది. మూలాల గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర ఉన్న రికార్డులన్నీ ఎవరికి అవకాశం దొరికిందో వాళ్ళవి అని గుర్తుంచుకోవాలి.

తకిట_తక:

పాతకాగితం గారు, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా, నేను గంట లెక్క చెప్పేటప్పుడు ఎవే వాళ్ళ దగ్గర్నుంచి న్యూ ఆర్లీన్స్‌కి తిన్నగా వచ్చినట్టు అనిపించి ఉంటే అది నా రాతలో లోపం. అయితే ఒక్కటి మాత్రం వదులుకోను. జాజ్ బాకా ఆయన డిజ్జీ గిలెస్పీ 1947లో క్యూబా నుంచి వచ్చిన డ్రమ్మర్ చానో పోసోని తన బ్యాండులో పెట్టుకున్నాడు, వీళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చానో అబాకువా సంఘం మనిషి, క్యూబాలో ఆఫ్రికా నుంచి వచ్చిన రహస్య సంఘం అది. మాట తెలియకుండానే ఇద్దరూ కలిసి వాయించారు, మాంటెకా అనే పాట పుట్టింది. మధ్యలో ఏదో ఉమ్మడి ఆస్తి లేకపోతే అది సాధ్యం కాదు కదండీ. నూటయాభై, రెండు వందల ఏళ్ళు వేరు వేరు నేలల మీద ఉండి, ఒకరి చెయ్యి ఇంకొకరి చేతికి అందింది. గీత కాదు, రానుపోను దారి. నీలి_గాంధారం గారు రాసిన ఆక్రా కథ కూడా అదే కదా.

పాతకాగితం:

రానుపోను దారి అన్నారు చూడండి, దానికి నేను చెయ్యెత్తి ఒప్పుకుంటా.

ఎడిసన్_కోనసీమ:

మళ్ళీ వచ్చా. మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే నడుస్తోంది. తకిట తకిట తక మొదటిరోజే పట్టేశారు, ఇప్పుడు నాకు నేర్పిస్తున్నారు, కాలు నాలుగు, చెయ్యి మూడు దెబ్బలు, నాకు రాదు, ఆయన వదలరు. పన్నెండు మాత్రల గంట కోసం స్టీలు గ్లాసూ చెంచా తీసుకున్నారు, మా పాప పక్కన కూర్చుని డబ్బా మీద నాలుగు వేస్తోంది. శంకరాభరణం అంకెలు చెప్పినప్పుడు హార్మోనియం లేదు కాబట్టి వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నారు, రెండుసార్లు చూసుకున్నారు.

నిన్న రాత్రి మానెన్‌బర్గ్ పెట్టా. నీలి_గాంధారం గారు చెప్పినట్టే ఏమీ చెప్పలేదు. ఐదు నిమిషాలకి ఆయన చెయ్యి మొదలైంది. అయిపోయాక అడిగారు, ఇది ఎవరైనా పోయినప్పటి పాటా, పెళ్ళి పాటా అని. నేను అప్పుడు ఇళ్ళు కూల్చిన సంగతి చెప్పా. "అందుకే వాయిద్యం ఏడవట్లేదు, నడుస్తోంది. ఇల్లు పోయినవాడికి కూర్చుని ఏడ్చే తీరిక ఉండదు" అన్నారు. మాది వరద ఊరు, 1986లో గోదారి వచ్చినప్పుడు మా ఇల్లు పోయింది, నాకు గుర్తు లేదు, ఆయనకి గుర్తుంది. ఆ రోజుల గురించి నాన్న ఎప్పుడూ మాట్లాడరు, నిన్న గంటసేపు చెప్పారు. గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నప్పుడు భజన ఎలా చేశారో, మృదంగం తడిసి మూత పాడైపోతే తపేలా బోర్లించి ఎలా వాయించారో.

డ్రమ్ము లాక్కుంటే ఒళ్ళే డ్రమ్ము అని పైన రాశారు కదా, ఆ ముక్క మళ్ళీ చదవమన్నారు.

కచేరీ వచ్చే శనివారం. చప్పట్ల సంగతి, ఎలా వెళ్ళాలి, చలిలో ఆయన్ని ఎక్కువ నడిపించకుండా, ఎవరైనా చెప్పండి.

నీలి_గాంధారం:

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

ఎడిసన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్‌లో పెన్ స్టేషన్, అక్కడ కింద నుంచే 1 గానీ, ఏ గానీ, సీ గానీ ఎక్కితే 59వ వీధి కొలంబస్ సర్కిల్, పైకి రాగానే ఎదురుగా ఆ అద్దాల భవనమే, హాలు ఐదో అంతస్తులో, లిఫ్ట్ ఉంది. పెద్ద హాలు రోజ్ థియేటర్ అయితే సుమారు 1200 సీట్లు, అంత పెద్దదైనా పై వరసల్లో కూడా డ్రమ్మర్ చేతులు బాగానే కనపడతాయి. మీ సీట్లు ఎక్కడున్నా ఆయన్ని డ్రమ్మర్ చేతులు కనపడే వైపు కూర్చోబెట్టండి. శాలువా ఉంచండి, లోపల కొంచెం చల్లగా ఉంటుంది.

చప్పట్లు: ఒకరు ముందుకొచ్చి సోలో వాయించడం అయిపోగానే, పాట నడుస్తుండగానే కొడతారు, తని ఆవర్తనం అయ్యాక మనం కొట్టినట్టే. మధ్యలో ఏదైనా బాగుంటే శభాష్ అనడానికి కూడా ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళకి కావాల్సిందే అది. చర్చిలో పాస్టర్ మాటకి జనం అవును అవును అని జవాబిచ్చే అలవాటు నుంచే వచ్చింది. మీ నాన్నగారి చెయ్యి మోకాలి మీద ఆడితే ఆపకండి.

ఇంకో రోజు వీలైతే ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళే 7 రైల్లోనే మధ్యలో కరోనా ప్లాజా దగ్గర దిగండి, క్వీన్స్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు ఉంది, 1943 నుంచి 1971లో పోయేదాకా ఉన్నది ఆ ఇంట్లోనే, ఇప్పుడు మ్యూజియం. అంత పేరున్న మనిషి మామూలు వీధిలో చిన్న ఇల్లు, వంటగది మాత్రం నీలం రంగులో మెరిసిపోతుంటుంది. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి. దర్శనం చేసుకుని కింద క్యాంటీన్‌లో దోసె తినేసి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు.